డీఎన్ఎస్ పనిలో ఏఐ అసిస్టెంట్: 14 నెలలు వాడాక

విజయవాడలో నేనూ మా ఆఫీసు కుర్రాడూ కలిసి 22 వెబ్‌సైట్ల బాగోగులు చూస్తాం. రెండు స్కూళ్లు, ఒక పచ్చళ్ల దుకాణం, ఒక కంటి ఆసుపత్రి, నాలుగైదు బట్టల షాపులు, ఒక తెలుగు వార్తల సైటు, ఇలా. వీటన్నిటి డీఎన్ఎస్ (సైటు ఏ సర్వర్‌లో ఉంది, మెయిల్ ఎటు వెళ్లాలి అని చెప్పే రికార్డులు), సీడీఎన్ (పేజీల కాపీలు దాచుకుని చూసేవాళ్లకు త్వరగా అందించే సర్వీసు) పని మాదే. 14 నెలల కిందట ఆ పనికి ఒక ఏఐ అసిస్టెంట్‌ని కలిపాం. అప్పటినుంచి వాడని రోజు లేదు. ఇదే పనిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మామూలుగా ఏఐని డీఎన్ఎస్ గురించి అడిగితే సలహా చెబుతుంది, అంతే. మన రికార్డులు దానికి కనబడవు. 2024 నవంబరులో ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ ఎమ్‌సీపీ అనే పద్ధతిని బయటపెట్టాక, అసిస్టెంట్‌ని బయటి టూల్స్‌కి కలపడం అందరికీ తేలికైంది. 2025 మే నెలలో సీడీఎన్ కంపెనీ క్లౌడ్‌ఫ్లేర్ ఒకేసారి 13 ఎమ్‌సీపీ సర్వర్లు, అంటే అసిస్టెంట్‌ని తన సర్వీసులకు కలిపే ప్రోగ్రాములు, ప్రకటించింది. నేను వాడేది అలా కంపెనీ ఇచ్చింది కాదు. ఓపెన్ సోర్స్‌లో దొరికిన చిన్న ప్రోగ్రామ్, నా ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. మా సీడీఎన్ ఖాతాలో ఒక ఏపీఐ టోకెన్ (ప్రోగ్రాములకిచ్చే తాళంచెవి లాంటిది) తయారు చేసి దానికిస్తే చాలు. ఇక అసిస్టెంట్ రికార్డులు చదువుతుంది, మారుస్తుంది, కాష్ (సీడీఎన్ దాచుకున్న పేజీల కాపీలు) ఖాళీ చేస్తుంది, ట్రాఫిక్ లెక్కలు చూస్తుంది.

చదివే పనిలో దీనికి నేను నూటికి నూరు మార్కులు వేస్తాను. జూన్‌లో బడులు తెరిచిన వారం ఒక స్కూలు నుంచి ఫోన్. ఫీజు రసీదులు పేరెంట్స్‌కి స్పామ్‌లోకి పోతున్నాయని. "ఈ డొమైన్ మెయిల్ రికార్డులన్నీ చూసి తప్పెక్కడుందో చెప్పు" అని తెలుగులోనే టైప్ చేశాను. నిమిషం తిరక్కుండానే చెప్పింది, ఎస్‌పీఎఫ్ రికార్డులు (ఆ డొమైన్ పేరుతో ఎవరు మెయిల్ పంపొచ్చో చెప్పేవి) రెండున్నాయని. ఒకటి మెయిల్ సర్వీసుది, రెండోది ఫీజుల సాఫ్ట్‌వేర్ కోసం ఎప్పుడో చేర్చింది. ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ ఒక్కటే ఉండాలి. రెండుంటే మెయిల్ అందుకునే సర్వర్ దాన్ని తప్పు కింద లెక్కేస్తుంది, ఏది సరైనదో వెతికే పని పెట్టుకోదు. రెండిటినీ కలిపి ఒకే లైను రాసిచ్చింది. పైగా ఎస్‌పీఎఫ్‌లో డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు కాబట్టి, కలిపాక అవి 7 అవుతాయని లెక్క కూడా చూపించింది. ఆ లెక్క చేత్తో వేయాలంటే ఒక్కో ఇన్‌క్లూడ్‌నీ (వేరే సర్వీసు జాబితాను కలిపే మాటనీ) తెరిచి, దానిలోపల ఇంకేం ఉన్నాయో చూసుకుంటూ పోవాలి. 22 డొమైన్లకీ అదే పరీక్ష చేయించాను. ఇంకో మూడింట్లో ఇలాంటి లోపాలే బయటపడ్డాయి.

పచ్చళ్ల దుకాణం సైటు ఎందుకు నెమ్మదించిందో కనిపెట్టింది కూడా అదే. ఫేస్‌బుక్ నుంచి వచ్చే ప్రతి లింకుకీ చివర ఒక పొడవాటి గుర్తు తగులుకుంటుంది. అది మనిషి మనిషికీ మారిపోతుంది కాబట్టి సీడీఎన్ ప్రతిసారీ దాన్ని కొత్త పేజీ అనుకుని సర్వర్ దాకా పరిగెడుతోంది. ఆ గుర్తును కాష్ కీ (ఏ పేజీయో సీడీఎన్ గుర్తుపట్టే పేరు) నుంచి తప్పించాక సర్వర్ ఊపిరి పీల్చుకుంది.

రాసే పని, అంటే రికార్డులు మార్చే పని దగ్గరికొస్తే మాత్రం నా మాట వేరు.

మొదటి నెలలోనే ఒక సంగతి జరిగింది. ఒక షాపు డొమైన్‌లో పాత సబ్‌డొమైన్ దేనికి వెళ్తోందో చూద్దామని "ఆ రికార్డు ఒకసారి తియ్యి" అన్నాను. నా ఉద్దేశం బయటికి తీసి చూపించమని. అది డిలీట్ చేయడానికి సిద్ధమైంది. తలుపు తియ్యి అన్నా, చెత్త తియ్యి అన్నా మనకు ఒకటే మాట. దేనికేది అర్థమో మనిషికి సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. అమలు చేసేముందు అనుమతి అడిగే సెట్టింగ్ ఉండబట్టి ఆపగలిగాను. ఆ సబ్‌డొమైన్ మీదే షాపు బిల్లింగ్ నడుస్తోంది. అప్పటినుంచి "చూపించు", "డిలీట్ చెయ్", ఈ రెండు మాటలే వాడుతున్నాం. కుర్రాడికి కూడా అదే చెప్పాను.

అంతకన్నా ఎక్కువ టెన్షన్ పెట్టింది వార్తల సైటు. అక్కడ పేజీ అడ్రసులు తెలుగులోనే ఉంటాయి, శీర్షిక నుంచే తయారవుతాయి. ఒక సాయంత్రం "హైదరాబాద్‌లో" అని మొదలయ్యే వాన వార్తలో అంకె తప్పు పడింది. ఎడిటర్ సరిదిద్ది, కాష్ తీసేయమన్నారు. అసిస్టెంట్ పని అయిపోయిందంది. ఎడిటర్ ఫోన్‌లో పాత అంకే కనిపిస్తోంది. మళ్లీ చేయించాను, మళ్లీ విజయవంతం అనే వచ్చింది. మూడోసారి అది పంపిన అడ్రసునూ అసలు అడ్రసునూ పక్కపక్కన పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి చూశాను. అసలుదాంట్లో "ద్" పొల్లుతో ఆగి, "లో" విడిగా ఉంది. అసిస్టెంట్ పంపినదాంట్లో "హైదరాబాద్లో" అని ఉంది, ద కింద ల వత్తు. మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది, వత్తు పడకుండా ఆపేది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అడ్రసును తనే మళ్లీ టైప్ చేసేటప్పుడు అసిస్టెంట్ దాన్ని వదిలేసింది. కంప్యూటర్ లెక్కలో అది వేరే పేజీ. అలాంటి పేజీ కాష్‌లో లేకపోయినా సీడీఎన్ సరే అనే జవాబిస్తుంది. దాంతో మాకు విజయవంతం అని వస్తోంది, పాఠకులకు తప్పు అంకె కనిపిస్తూనే ఉంది. అలా 40 నిమిషాలు. వానలప్పుడు అంకెలు నమ్మి జనం బయటికి వెళ్లాలా వద్దా అని నిర్ణయించుకుంటారు కాబట్టి అది నాకు చిన్న విషయంగా అనిపించలేదు.

ఆ కంగారులో అసిస్టెంట్ ఇచ్చిన సలహా "మొత్తం కాష్ ఖాళీ చేద్దాం" అని. ఆ టైమ్‌లో అలా చేస్తే పాఠకులందరూ ఒక్కసారిగా వెనకున్న చిన్న సర్వర్ మీద పడేవాళ్లు. అందుకే ఆ అనుమతి టోకెన్‌లోంచే తీసేశాను. ఇప్పుడు తెలుగు అడ్రసు దానిచేత టైప్ చేయించడం లేదు. ప్రతి వార్తకూ నంబరుతో ఒక ట్యాగ్ పెట్టి, ఆ ట్యాగ్ మీదే కాష్ తీయిస్తున్నాం. తెలుగు సైట్లు నడిపేవాళ్లు మొదటిరోజే ఇలా పెట్టుకోండి.

ఇంకొకటి. కొత్త రికార్డు చేర్చమంటే, ముందే ఉందేమో అని అది బయటి రిజాల్వర్‌ని (డీఎన్ఎస్ జవాబులు వెతికి ఇచ్చే సర్వర్‌ని) అడిగేది. లేదు అన్న జవాబు కూడా అక్కడ కొంతసేపు గుర్తుండిపోతుంది. రికార్డు చేర్చాక చూసినా పాత జవాబే వస్తుంది. అది చూసి తను చేర్చింది ఎక్కలేదనుకుని మళ్లీ మార్చబోయేది. ఏ పరీక్ష అయినా నేరుగా మన నేమ్‌సర్వర్‌నే (అసలు రికార్డులుండే సర్వర్‌నే) అడిగి చేయమని ఒక్క వాక్యం రాసిపెట్టాను, అది తీరిపోయింది.

టోకెన్లు ఇప్పుడు రెండు రకాలు పెట్టుకున్నాం. చదివేది ఎప్పుడూ ఉంటుంది, అన్ని డొమైన్లకీ. రాసేది అవసరమైన రోజు, ఆ ఒక్క డొమైన్‌కే, సాయంత్రానికి గడువు తీరేలా తయారు చేస్తాం. మార్చేముందు జోన్ ఫైలు (డొమైన్ రికార్డులన్నీ ఉండే ఫైలు) కాపీ దించుకుంటాం. పాత లైను, కొత్త లైను పక్కపక్కన చూపిస్తే చదివి "సరే" అంటేనే ముందుకెళ్తుంది. ఫైర్‌వాల్ లాగ్స్ (సైటుకు వచ్చినవాటిలో దేన్ని ఆపిందో రాసుండే చిట్టా) చదివించేటప్పుడు రాసే టోకెన్ అసలు తగిలించం. ఎందుకంటే లాగ్స్‌లో బ్రౌజర్ పేరు ఉండే చోట బయటివాళ్లు ఏ వాక్యమైనా రాసి పంపొచ్చు, అసిస్టెంట్ దాన్ని మన ఆదేశం అనుకునే ప్రమాదం ఉంది.

కుర్రాడు చేరినప్పుడు ఎమ్‌ఎక్స్ రికార్డంటే (మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పేది) ఏమిటో తెలియదు. ఇప్పుడు ప్రతి మార్పుకీ ఎందుకు అని అసిస్టెంట్‌ని అడిగి, జవాబు నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. పోయిన నెల ఒక షాపు సైటు కొత్త సర్వర్‌కి మారిస్తే, టీటీఎల్ (పాత జవాబు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే గడువు) ముందురోజే తగ్గించాలని వాడే నాకు గుర్తుచేశాడు.

కంటి ఆసుపత్రి డొమైన్‌కి మాత్రం రాసే టోకెన్ ఇప్పటికీ ఇవ్వలేదు. పేషెంట్ల అపాయింట్‌మెంట్లన్నీ దాని మీదే నడుస్తాయి, మార్పులు ఏడాదికి రెండో మూడో వస్తాయి. అవి ఇద్దరం పక్కపక్కన కూర్చుని చేత్తోనే చేస్తున్నాం.