పొద్దున్నే ఇడ్లీయా, పెసరట్టా, గుడ్లా: మధ్యాహ్నం దాకా ఆకలి ఆపేది ఏది?

ఎనిమిదింటికి నాలుగు ఇడ్లీలు తిన్నవాళ్లకు పదిన్నరకల్లా మళ్లీ ఆకలేస్తే అది చాపల్యమే కానక్కర్లేదు. శరీరం తనకు కావలసిన ప్రొటీన్ దొరికేదాకా తినమంటూనే ఉంటుందని స్టీఫెన్ సింప్సన్, డేవిడ్ రౌబెన్‌హైమర్ అనే శాస్త్రవేత్తలు 2005లో ప్రతిపాదించారు. తిండిలో ప్రొటీన్ పలచబడితే ఆ లోటు తీర్చుకోవడానికి పిండి, కొవ్వు పదార్థాలు ఎక్కువగా తినేస్తాం. ప్రొటీన్ తిన్నాక పేగుల్లో జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు పెరిగి కడుపు నిండిన భావన కలుగుతుంది. పైగా ప్రొటీన్ కేలరీల్లో 20-30 శాతం దాన్ని అరిగించుకోవడానికే ఖర్చవుతాయి. పిండిపదార్థాలకైతే ఈ ఖర్చు 5-10 శాతమే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. టిఫిన్‌లోనే 15 గ్రాములు పడితే మంచి మొదలు.

ఒక వంతు మినప్పప్పు, రెండు వంతులు ఇడ్లీ రవ్వ వేసిన 40 గ్రాముల ఇడ్లీలో ప్రొటీన్ దాదాపు 2 గ్రాములు. నాలుగు తింటే 8 గ్రాములు, 200 కేలరీలు. తేలిగ్గా అరుగుతుందన్నదే ఇడ్లీకి పేరు, ఆకలి విషయంలో ఇబ్బందీ అదే. బియ్యపు ప్రొటీన్‌లో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మినప్పప్పు భర్తీ చేస్తుంది కాబట్టి ప్రొటీన్ నాణ్యతకు లోటు లేదు, మోతాదుకే లోటు. సాంబారు ఆదుకుంటుందనుకుంటాం గానీ, నీళ్ల సాంబారులో పప్పు ఎంత? మనిషికి 30 గ్రాముల కందిపప్పు పడితే 6 గ్రాములకు పైగా కలుస్తుంది. చట్నీలో పల్లీలు సగం తగ్గించి పుట్నాలపప్పు వేస్తే ప్రొటీన్ దాదాపు అంతే ఉండి కేలరీలు తగ్గుతాయి.

పెసరట్టు దగ్గర లెక్క మారిపోతుంది. మనిషికి 60 గ్రాముల పొట్టు పెసలు తీసుకుంటే 13-14 గ్రాముల ప్రొటీన్, దాదాపు 10 గ్రాముల పీచు. అట్టుకో చెంచా నూనెతో రెండు అట్లు కాలిస్తే 290 కేలరీలు. ఆకలికి పీచు కూడా అడ్డుకట్టే, అందుకే పొట్టు తీసిన పెసరపప్పుతో వేయకండి. పెసలు 5-6 గంటలు నానితే చాలు, పులియబెట్టే పనిలేదు. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి, గరిటె నుంచి జారేంత చిక్కగా రుబ్బాలి. పలచనైతే తిప్పేటప్పుడు చిరుగుతుంది. పెనం మరీ కాలితే పిండి పరుచుకోకుండా ముద్దగా అంటుకుంటుంది, అప్పుడు కాసిని నీళ్లు చల్లి తుడవండి. కరకరలాడాలని బియ్యం గుప్పెళ్లు పోస్తే పెసరట్టు పేరుకే, నలుగురికి ఒక చెంచాడు చాలు.

ఉప్మా పెసరట్టు ప్రియులు కోప్పడకూడదు గానీ, లోపల పెట్టే 40 గ్రాముల రవ్వతో వచ్చే ప్రొటీన్ 4 గ్రాములే. దానికి 140 కేలరీలు, నెయ్యి వేరు. దాన్ని ఆదివారానికి ఉంచుకోండి. అల్లం పచ్చడిలో బెల్లం కూడా లెక్కలోదే.

రెండు ఉడికిన గుడ్లలో 12-13 గ్రాముల ప్రొటీన్, 150 కేలరీలు. కేలరీకి దక్కే ప్రొటీన్ చూస్తే ఈ మూడింటిలో ఇదే ముందు. పీచు మాత్రం సున్నా, ఉత్త గుడ్లతో టిఫిన్ తిన్నట్టూ ఉండదు. రెండు చెంచాల నూనెతో ఆమ్లెట్ వేస్తే మరో 90 కేలరీలు.

గుడ్డు తినని ఇంటికి ఉప్మా లేని పెసరట్టే మేలు. తినేవాళ్లు రెండు ఇడ్లీలు, రెండు గుడ్లు కలిపి చూడండి: 250 కేలరీల్లో 16 గ్రాములు, పొద్దున్నే రుబ్బే పనీ ఉండదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు. పెసలతో కడుపుబ్బరం వచ్చేవాళ్లు మొదటి వారం ఒక్క అట్టుతో ఆపి, నానబెట్టిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో రుబ్బుకోండి.