మూడేళ్ల పిల్లకు కొన్న ట్యాబ్: రెండున్నరేళ్లు వాడాక

మా అమ్మాయికి మూడేళ్లు నిండిన నెలలో 8 అంగుళాల ట్యాబ్ కొన్నాం. దాంతోపాటు ఏడాది చందా కట్టి ఒక లెర్నింగ్ యాప్. చందా ట్యాబ్ ధరకన్నా ఎక్కువ! ఇప్పుడు అమ్మాయికి ఐదున్నర. ట్యాబ్ ఓ మూల పగిలింది, కవరు రెండుసార్లు మారింది, యాప్ తీసేశాం. అప్పట్లో నేను చదివిన రివ్యూలన్నీ పదిరోజులు వాడి రాసినవే. అందుకే ఇది.

ముందు మంచి చెప్తాను. అక్షరాలు గుర్తుపట్టడం తొందరగానే వచ్చింది. నాలుగేళ్లు రాకముందే ఏ అక్షరం చూపించినా చెప్పేసేది. చుట్టాలొస్తే చెప్పించి మురిసిపోయేవాళ్లం కూడా. బళ్లో పలక చేతికిచ్చాక అసలు సంగతి బయటపడింది. బలపం పట్టుకోవడమే రాదు. తెర మీద 'అ'ను ఎటునుంచి ఎటు గీసినా యాప్ చప్పట్లు కొట్టేది. గీత పక్కకు పోతే తనే సర్దేసేది. పలక అలా సర్దదు కదా. "అన్నీ వచ్చంటావు, సున్నా చుట్టడం రాదేటే?" అంది మా అమ్మ మొదటిరోజే. రెండు నెలలపాటు పళ్లెంలో బియ్యప్పిండి పోసి వేలితో, ఆ తర్వాత బలపంతో దిద్దించింది.

అంకెలూ అంతే. యాభై దాకా పాటలా అప్పజెప్పేది. "ఏడు చింతపిక్కలు తేవే" అంటే గుప్పెడు తెచ్చి పోసేది. మామ్మతో పిక్కలాట మొదలయ్యాకే ఏడంటే ఎన్నో తెలిసింది.

యాప్‌లో నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించింది తెలుగు గొంతు. 'ళ'ను 'ల' అనేది. మా పిల్ల 'కల్లు నొప్పి' అంటుంటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఇక సముద్రం ఆట నిండా క్లౌన్ ఫిష్, స్టార్ ఫిష్. విశాఖలో ఉంటూ, పెదజాలరిపేట నుంచి చేపల గంపెత్తుకొచ్చే ఆవిడ దగ్గర కోనాం ఏదో చందువ ఏదో తెలియకపోతే ఎలా?

ఏడాది తిరగ్గానే మాకు చెప్పకుండా రెండో ఏడాది చందా ఖాతాలోంచి లాగేశారు. ఫోన్ చేస్తే, చందా ఆపేస్తే పాప వెనకబడిపోతుందని ఎదురు టెన్షన్ పెట్టారు. నాలుగేళ్ల పిల్ల ఎవరికన్నా వెనకబడాలి? డబ్బు వెనక్కి రావడానికి నెలన్నర పట్టింది.

ఎంతసేపు ఇవ్వాలన్న విషయంలో మాదీ తప్పుంది. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దు, ఎంత తగ్గితే అంత మంచిది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మేము దాన్ని 'గంట ఇవ్వొచ్చు' అని చదువుకున్నాం. వంట అయ్యేదాకా ట్యాబ్ చేతిలో పెట్టేసేవాళ్లం. అలారం మోగగానే లాక్కుంటే ఇల్లు పీకి పందిరేసేది. పక్కన కూర్చుని, ఒక కథ అయిపోగానే మూసేయడం మొదలుపెట్టాక ఏడుపు తగ్గింది. కథ అయిపోయిందని దానికీ అర్థమవుతుంది. గంట అయిపోయిందని ఎలా తెలుస్తుంది?

ఆ కథలు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లోవి. 2015లో మొదలైన సైటు, తెలుగు బొమ్మల కథలు చాలా ఉన్నాయి, పైసా కట్టక్కర్లేదు. స్థాయి 1లో పేజీకి ఒకటీ రెండు వాక్యాలే. నేను చదువుతా, అది పేజీ తిప్పుతుంది. ఈ పనికి మాత్రం ట్యాబ్ బంగారం. అన్ని పుస్తకాలు కొనాలంటే మా వల్ల కాదు.

ఇంకో మంచి వాడకం మేము అనుకోనిది: కెమెరా. ఆదివారం బీచ్ రోడ్డుకు వెళ్లినప్పుడు తనకు తెలిసిన అక్షరం ఏ బోర్డు మీద కనిపించినా ఫొటో తీస్తుంది. అక్కడ మ్యూజియంగా పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ దగ్గర గంటసేపు ఉన్నా దాని ఫొటో ఒక్కటీ తీయలేదు, పక్కనున్న ఐస్‌క్రీం బండి మీది 'ఐ' మాత్రం ఆరుసార్లు తీసింది.

మార్కులు వేయమంటే ట్యాబ్‌కు ఐదుకు మూడు, యాప్‌కు ఒకటి. పక్కన కూర్చునే తీరిక మీకు లేకపోతే ట్యాబ్‌కూ ఒకటే. చిన్నవాడికి ఇప్పుడు పద్నాలుగు నెలలు. వాడికి చూపించట్లేదు, బీరువా మీద పెడుతున్నాం. మొన్న ఆదివారం పెద్దది 900 కె బస్సు బోర్డు మీద 'భీమిలి' ఫొటో తీసింది, ఇంకోచోట ఓ బోర్డు మీద 'భీమునిపట్నం' కూడబలుక్కుని చదివింది. ఒకే ఊరని చెప్పినప్పటి నుంచి, రెండు పేర్లు ఎందుకున్నాయని రోజూ అడుగుతోంది.