మునుగుతున్న కంపెనీకి రివైవల్ సర్వీసు: పని ఎక్కడుంది, మాటలు ఎక్కడున్నాయి

విజయవాడలో 'కార్పొరేట్ రివైవల్' పేరుతో నడిచే ఒక కన్సల్టెన్సీ సర్వీసు ఇది. ఆటోనగర్ లారీ బాడీ బిల్డింగ్ షెడ్లు, గుంటూరు మిర్చి వ్యాపార సంస్థలు వీళ్ల దగ్గరికి ఎక్కువగా వెళ్తున్నాయి. ఫీజు మూడు ముక్కలు: ముందుగా పరిశీలన ఫీజు, తర్వాత నెలవారీ, చివర్లో మాఫీ అయిన మొత్తం మీద శాతం.

మొదటి పని బాగా చేస్తారు. లాభనష్టాల ఖాతా పక్కన పెట్టి 13 వారాల నగదు షీటు వేస్తారు. జీతాలు ఏ వారం, కరెంటు బిల్లు ఏ వారం, 20వ తేదీ జీఎస్టీకి డబ్బెక్కడిది అన్నది అందులో కనపడుతుంది. ప్రతి శనివారం అంచనా పక్కన అసలు అంకె రాయిస్తారు. రెండు వారాలు తప్పితే సరఫరాదారులకు ఇచ్చిన మాటలన్నీ మళ్లీ చూడాల్సిందే.

అసలు నైపుణ్యం బ్యాంకుకు ఇచ్చే సరుకు, బాకీల లెక్క, అంటే స్టాక్ స్టేట్‌మెంట్ దగ్గర తెలుస్తుంది. ఉదాహరణకు స్టాకు 80 లక్షలు, అందులో సరఫరాదారులకు ఇవ్వాల్సింది 20. మిగిలిన 60 మీద 25 శాతం మార్జిన్ (బ్యాంకు లెక్కలోకి తీసుకోని భాగం) పోతే 45. తొంభై రోజుల్లోపు వసూలు కావాల్సిన 40 లక్షల మీద 40 శాతం మార్జిన్ తీస్తే 24. డ్రాయింగ్ పవర్, అంటే వాడుకోదగ్గ అప్పు పరిమితి, మొత్తం 69 లక్షలు. సీసీలో (క్యాష్ క్రెడిట్, అంటే సరుకు, బాకీల మీద బ్యాంకు ఇచ్చే అప్పు ఖాతా) వాడింది 95 అయితే 26 లక్షలకు ఆధారం లేనట్టే. ఆ 26నే వర్కింగ్ క్యాపిటల్ టర్మ్ లోనుగా విడదీసి వాయిదాలకు మార్చమని బ్యాంకుకు ప్రతిపాదన పెడతారు. మిర్చి కేసుల్లో కోల్డ్ స్టోరేజీ బాండ్లను (అక్కడ దాచిన సరుకుకు ఇచ్చే రసీదులను) స్టేట్‌మెంటుతో ఒక్కొక్కటిగా సరిపోలుస్తారు. ఒకచోట బాండు తాకట్టులో ఉన్న టిక్కీలనే (మిర్చి బస్తాలనే) సీసీలోనూ చూపిస్తే ఆడిట్‌లో అది మోసం కిందికి పోతుంది. నిరుటి సరుకు రంగు తగ్గినా కొత్త పంట ధర కట్టడం ఇంకో తప్పు. దీన్నీ పట్టుకుంటారు.

నచ్చనిది వీళ్ల బ్రోచరు. 'ఎన్‌పీఏ కాకుండానే రీస్ట్రక్చరింగ్' అని అచ్చేశారు. ఎన్‌పీఏ అంటే బ్యాంకు మొండి బాకీగా లెక్కగట్టిన ఖాతా, రీస్ట్రక్చరింగ్ అంటే ఇబ్బందుల్లో ఉన్నవాళ్ల అప్పు షరతులు సడలించడం. మామూలు నిబంధనల్లో స్టాండర్డ్ (ఇంకా మొండి బాకీ కాని) ఖాతాను రీస్ట్రక్చర్ చేస్తే వెంటనే ఎన్‌పీఏకి దిగుతుంది. కోవిడ్ నాటి మినహాయింపు కింద రీస్ట్రక్చరింగ్ మొదలుపెట్టే గడువు 2021 సెప్టెంబరు 30తోనే అయిపోయింది.

ఇక ఎప్పుడు వెళ్లాలన్నది. 25 కోట్ల లోపు అప్పున్న ఎంఎస్ఎంఈలకు (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకు) కేంద్ర ప్రభుత్వ 2015 మే 29 నోటిఫికేషన్ కింద, అప్పును సరిదిద్దుకునే బ్యాంకు కమిటీ దారి ఉంది. వాయిదా మీరి 31 నుంచి 60 రోజుల దశలో ఉన్న ఖాతాకు ఉద్యం (ఎంఎస్ఎంఈ నమోదు) సర్టిఫికెట్టు, అఫిడవిట్టు జతచేసి వీళ్లు అర్జీ పెట్టిస్తారు. అది సరైన సమయం. ఎన్‌పీఏ అయ్యేదాకా సంస్థ నోరు మెదపకుండా, ఆస్తి స్వాధీన చర్యలన్నీ పూర్తయ్యాక ఈ కమిటీ రక్షణ అడిగితే కుదరదని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తేల్చింది. సర్ఫేసీ (తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే చట్టం) 13(2) నోటీసు వచ్చాక అరవై రోజులే చేతిలో ఉంటాయి. ఆ దశలోనూ 'చూద్దాం సార్' అని పరిశీలన ఫీజు పుచ్చుకోవడం బాగాలేదు.

ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల దివాలా కేసులు వినే ట్రైబ్యునల్) సంగతి దాచకుండా చెప్తారు. కోటి ఎగవేత దాటితే దివాలా పిటిషన్ రావచ్చు, 330 రోజుల గరిష్ఠ గడువు, యాజమాన్యం చెయ్యి జారిపోతుంది. ఎంఎస్ఎంఈ ప్రీ‌-ప్యాక్‌లో (ముందే రుణదాతలతో మాట్లాడుకుని వేసే దివాలా పిటిషన్‌లో) పగ్గాలు ప్రమోటరు దగ్గరే ఉంటాయి, కానీ ముందే అప్పు విలువలో ఎక్కువ భాగం ఉన్న రుణదాతల ఒప్పుదల తెచ్చుకోవాలి. ప్లాను ఆమోదం పొందినంత మాత్రాన అప్పుకు ప్రమోటరు సొంతంగా ఇచ్చిన పర్సనల్ గ్యారంటీ రద్దు కాదన్న ముక్క మాత్రం వీళ్ల ఒప్పందంలో ఎక్కడా లేదు. ఇల్లు తాకట్టు పెట్టినవాళ్లకు అదే ముఖ్యం.

సంతకం ముందు ఫీజు క్లాజు రెండుసార్లు చదవండి. 'మాఫీ' లెక్కలో బ్యాంకు ఖాతాలో వెయ్యని వడ్డీని కూడా కలిపేస్తున్నారు. 60 లక్షల లెడ్జర్ బాకీ (బ్యాంకు పుస్తకాల్లో ఉన్న బాకీ) 50కి సెటిలైతే నిజంగా మిగిలింది పది. ఖాతాలో వెయ్యని ఆ వడ్డీ 25 లక్షలు కలిపితే ఫీజు 35 మీద పడుతుంది. రెండోది, ఓటీఎస్ (బ్యాంకుతో ఒకేసారి చేసుకునే రాజీ సెటిల్మెంటు) మంజూరు ఉత్తరం రాగానే పూర్తి ఫీజు అంటారు. వాయిదా తప్పితే ఓటీఎస్ రద్దవుతుంది, ఫీజు మాత్రం వెనక్కి రాదు. లెక్క లెడ్జర్ బాకీ మీదే ఉండాలని, చివరి సగం నో డ్యూస్ సర్టిఫికెట్టు వచ్చాకే ఇస్తామని రాయించుకోండి. గట్టిగా అడిగినవాళ్లకు ఆ రెండు లైన్లూ మారుస్తున్నారు.