ఫ్లాప్‌లు సెట్ చేయడానికి డిజిటల్ యాంగిల్ గేజ్: చాన్నాళ్లు వాడాక నా మాట

అరచేతిలో పట్టే చిన్న పెట్టె, అడుగున అయస్కాంతం, ముందు అంకెల స్క్రీను. రెండు వేల లోపే వస్తుంది, ఎక్కువగా వడ్రంగులు రంపం బ్లేడు వాలు చూసుకోడానికి కొంటారు. నేను కొన్నది పెందుర్తి వైపు షెడ్డులో మా బావా నేనూ కడుతున్న రెండు సీట్ల అల్యూమినియం విమానం కోసం. ఫ్లాపులంటే రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు. ఎడమ ఫ్లాపుకీ కుడి ఫ్లాపుకీ తేడా పట్టడంలో ఈ ధరకి ఇంతకంటే మంచి పరికరం నాకు దొరకలేదు. కానీ స్క్రీన్ మీద చుక్క తర్వాత కనిపించే అర డిగ్రీ లోపు తేడాని మాత్రం పట్టించుకోకండి.

మొదటి చిక్కు అయస్కాంతమే, అల్యూమినియానికి అంటుకోదు. పైగా ఫ్లాపు పైభాగం వంపుగా ఉంటుంది, గేజ్‌ని రెండంగుళాలు జరిపితే రీడింగ్ మారిపోతుంది. అందుకే ఆ వంపుకి సరిపడా ఒక చెక్క దిమ్మ కోయించాం, పైన ఇనప పట్టీ బిగించాం, గేజ్ దాని మీద కూర్చుంటుంది. రెండు ఫ్లాపుల మీదా ఒకే రిబ్బు (లోపల ఆకారం నిలిపే అడ్డపట్టీ) దగ్గర టేపుతో గుర్తు పెట్టుకుని అక్కడే కొలవాలి. దిమ్మ హింజ్ (ఫ్లాపు తిరిగే బందు) గీతకి అడ్డంగా, సరిగ్గా మూలమట్టంగా ఉండాలి, వంకరగా పెడితే అసలు కోణం కంటే తక్కువ చూపిస్తుంది.

ఫ్లాపు పూర్తిగా పైకి ఉన్నప్పుడు సున్నా నొక్కి, దించి, ఎంత దిగిందో చూడటమే పని. ఈ మధ్యలో ఎవరైనా రెక్క మీద చెయ్యి ఆనించినా, కాక్‌పిట్‌లోకి ఎక్కినా టైర్లు నొక్కుకుని విమానం కాస్త ఒరుగుతుంది, ఆ ఒరుగుడంతా గేజ్ మీ ఫ్లాపు ఖాతాలో రాసేస్తుంది. ప్రతిసారీ ఫ్లాపుని మళ్లీ పైకి తెచ్చి సున్నా వస్తోందో లేదో చూసుకోండి, రాకపోతే ఆ కొలత కొట్టేయండి.

అర డిగ్రీ లోపు తేడా ఎందుకు వద్దన్నానంటే, మనం సర్దేది పుష్‌రాడ్ (ఫ్లాపుని నెట్టే కడ్డీ) చివర మరతో బిగే రాడ్ ఎండ్ అనే ముక్కని తిప్పి. పావు అంగుళం సన్న మర అయితే అంగుళానికి 28 చుట్లు, అంటే ఒక్క చుట్టుకి దాదాపు 0.9 మిల్లీమీటర్లు. ఫ్లాపు చెయ్యి (పుష్‌రాడ్ తగిలించే మీట) పొడవు 50 మిల్లీమీటర్లు ఉందనుకోండి, ఒక చుట్టు సుమారు ఒక డిగ్రీ. బోల్టు రంధ్రం వరసలోకి రావాలి కాబట్టి అరచుట్టు కంటే తక్కువ తిప్పలేం, అంటే అర డిగ్రీయే మన చేతిలో ఉన్న చివరి మెట్టు. ఇక 0.05 చూపించి ఏం లాభం? నమ్మకం కుదరకపోతే స్టీలు స్కేలు తీయండి: ఫ్లాపు వెడల్పు హింజ్ నుంచి 30 సెంటీమీటర్లయితే వెనక అంచు దగ్గర ఒక డిగ్రీ అంటే ఐదు మిల్లీమీటర్ల పైచిలుకు, కంటికే కనిపిస్తుంది. రాడ్ ఎండ్‌ని మరీ బయటికి తిప్పేయకండి, పుష్‌రాడ్‌కి తనిఖీ రంధ్రం ఉంటే అందులోంచి సన్న తీగ అవతలికి దూరకూడదు (దూరితే లోపల మర చాలనట్టే), ఆ తర్వాతే జామ్ నట్ (రాడ్ ఎండ్ తిరగకుండా పట్టే నట్టు) బిగించాలి.

ఎలక్ట్రిక్ యాక్చుయేటర్ (ఫ్లాపుని రాడ్డుతో కదిపే మోటారు) పెట్టినవాళ్లకి గేజ్ ఇంకో సంగతి చెబుతుంది. రాడ్డు సూటిగా కదులుతుంది, చెయ్యి మాత్రం గుండ్రంగా తిరుగుతుంది, కాబట్టి స్విచ్ నొక్కిన సమయంలో మూడో వంతు అయితే కోణం కూడా మూడో వంతు అని లెక్కేస్తే తప్పుతుంది. పైగా ఇంజిన్ ఆగి ఉండగా బ్యాటరీ మీద నెమ్మదిగా, ఇంజిన్ నడుస్తుంటే వేగంగా కదులుతుంది. సెకన్లు లెక్కపెట్టే బదులు గేజ్ పెట్టి 10, 20 డిగ్రీల దగ్గర ఫ్లాపు అంచు మీద రంగు గీతలు గీసుకోండి, సీట్లోంచి కనిపించేలా. లిమిట్ స్విచ్ మాత్రం ఫ్లాపు స్టాపుకి (చివర ఆపే అడ్డుకి) తగలకముందే మోటారుని ఆపాలి. గాలి ఫ్లాపుని పైకి నెడుతుంది కాబట్టి, దించి ఉంచి వెనక అంచుని చేత్తో మెల్లగా పైకి ఒత్తి, ఎంత వదులుందో కూడా చూడండి.

చివరి కోణం ఎంతంటే ప్లాన్స్‌లో ఏముంటే అదే, ఎక్కువ దిగితే ఎక్కువ మంచిదనుకోకండి. సెస్నా 172 అనే చిన్న విమానంలో ఒకప్పుడు 40 డిగ్రీలుండేది, 1981 మోడల్ నుంచి 30కి తగ్గించారు. మొదటి సగంలో లిఫ్ట్ (పైకెత్తే బలం) ఎక్కువ వస్తుంది, ఆ తర్వాత పెరిగేది ముఖ్యంగా డ్రాగ్ (వెనక్కి లాగే గాలి నిరోధం). అసలు టెన్షన్ పెట్టేది రెండు వైపులా తేడా, అది విమానాన్ని పక్కకి ఒరిగిస్తుంది.

గేజ్ మీద నా విసుగులు రెండు. కాసేపు ముట్టుకోకపోతే దానంతటదే ఆరిపోతుంది, పెట్టుకున్న సున్నా కూడా పోతుంది, సరిగ్గా మీరు స్పానర్ కోసం వెళ్లినప్పుడే. రెండోది మన ఉప్పు గాలి: బ్యాటరీ పట్టీలు పచ్చగా పట్టేస్తాయి, వాడనప్పుడు బ్యాటరీలు తీసి సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టాలి. ఫోన్ యాప్ సరిపోదా అంటే, వెనక కెమెరా బుడిపె ఉన్న ఫోన్ దిమ్మ మీద సమంగా కూర్చోదు. ధర తక్కువే కాబట్టి ఈ గేజ్‌లే రెండు కొని ఒక్కో ఫ్లాపు మీద ఒకటి పెట్టుకోండి, ముందు రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టి ఒకటే చూపిస్తున్నాయో లేదో సరిచూసుకోండి.