మగ్గం మనిషితో మిల్లుల ఊళ్లలో నాలుగు రోజులు

లండన్ చూపించడం మొదటి వారంలోనే అయిపోయింది. బిగ్ బెన్, టవర్ బ్రిడ్జి, రాజుగారి కోట అన్నీ చూసి నాన్న "బాగున్నాయమ్మాయ్" అన్నాడు, అంతే. మంగళగిరిలో యాభై ఏళ్లు గుంట మగ్గం మీద కూర్చున్న మనిషి. రెండో వారంలో ఓ రాత్రి అన్నం తింటూ, "ఈ దేశంలో మగ్గాలున్న ఊరేదన్నా ఉందా?" అని అడిగాడు. మగ్గాలు ఆగిపోయిన ఊళ్లయితే కావలసినన్ని ఉన్నాయి. అలా కుదిరింది ఈ ప్రయాణం. నేను, నాన్న, అమ్మ. మే నెలలో నాలుగు రోజులు, రెండు స్వెటర్లు, ఒక డబ్బా కందిపొడి.

యూస్టన్ నుంచి మాంచెస్టర్‌కి రైలు రెండుంపావు గంటలు. అక్కడ విక్టోరియా స్టేషన్‌లో ట్రామ్ ఎక్కితే అరగంటలో బరీ. యాత్రికులు బరీకి రావడం తక్కువ, వచ్చినా మార్కెట్ కోసం వస్తారు. అక్కడ బ్లాక్ పుడ్డింగ్ అని ఒకటి బాగా ఫేమస్. అదేంటని అమ్మ అడిగితే పంది నెత్తుటితో చేస్తారని చెప్పాను. ఆ తరవాత మార్కెట్‌లో ఆవిడ ఇంకేమీ తినలేదు, అరటిపండుతో సహా.

మేం వెళ్లింది జాన్ కే స్మారకం చూడ్డానికి. 1908లో కట్టారు, మార్కెట్ దగ్గర చిన్న తోటలో ఉంది. ఆగి చూసేవాళ్లు లేరు, మెట్ల మీద కుర్రాళ్లు చిప్స్ తింటున్నారు. ఈ కే బరీ దగ్గరివాడే. 1733లో ఎగిరే నాడెకు పేటెంటు తీసుకున్నాడు. నిలువు పోగుల (పడుగు) మధ్యలోంచి అడ్డం పోగుని (పేక) అటూ ఇటూ మోసుకెళ్లేదే నాడె. అంతకు ముందు నాడెను ఒక చేత్తో విసిరి రెండో చేత్తో అందుకోవాలి. బట్ట వెడల్పయితే ఇద్దరు కావాలి. ఈయన రెండు పక్కలా పెట్టెలు పెట్టి, తాడు లాగితే నాడె దానంతటదే ఆ చివరికి పరిగెత్తేలా చేశాడు. నేను చెబుతుంటే నాన్న చెయ్యి గాల్లో తాడు లాగుతున్నట్టు కదిలింది. "మన మగ్గం మీద ఉన్నదిదే కదా! మా తాత పెట్టించాడనుకున్నానే ఇన్నాళ్లూ." బట్టలు నేయించే వ్యాపారులు ఆ నాడెను వాడుకుని డబ్బులివ్వలేదు, నేతగాళ్లు తమ పని పోతుందని తిట్టారు, చివరికి ఆయన ఫ్రాన్సు వెళ్లి అక్కడే పోయాడు. అది విని నాన్న కాసేపు ఆ రాయి వంక చూసి, చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. చిప్స్ కుర్రాళ్లు కొంచెం పక్కకి జరిగారు.

బస హెబ్డెన్ బ్రిడ్జ్‌లో పెట్టుకున్నాను, మూడు రాత్రులు. లోయలో ఇరుకు ఊరు. చోటు లేక ఇంటి మీద ఇల్లు కట్టారు. కింది ఇంటి తలుపు ఒక వీధిలోకి, పై ఇంటి తలుపు కొండ వైపు ఇంకో వీధిలోకి. ఊరి నడిమి కాలువలో సన్నటి పడవ ఇళ్లు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, అందుకే శని ఆదివారాలు కాఫీ దుకాణాల ముందు క్యూ. మాకు దొరికిన గెస్ట్ హౌస్ మాత్రం మోసమే. ఫొటోలో "కాలువ వ్యూ" అన్నారు, కిటికీలోంచి తల బయటపెట్టి ఎడమకి తిప్పితే కనిపిస్తుంది. లిఫ్ట్ లేదన్న మాట ఎక్కడా రాయలేదు. మూడు అంతస్తులు, పాతకాలపు నిట్టనిలువు మెట్లు, అమ్మ మోకాళ్లు. అడిగితే కింద గది ఇస్తామన్నారు, రెండో రోజు సాయంత్రానికి గానీ ఇవ్వలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు బుక్ చేసే ముందు ఫోన్ చేసి మెట్ల సంగతి అడగండి. పొద్దున టిఫిన్ బ్రెడ్డు, బీన్స్, పుట్టగొడుగులు. గదిలో కెటిల్ ఉంది కాబట్టి ఉప్మా మిక్స్ పని చేసింది.

ఆ గెస్ట్ హౌస్ తిట్లన్నీ హెప్టన్‌స్టాల్ చూశాక మర్చిపోయాం. హెబ్డెన్ బ్రిడ్జ్ పైనున్న కొండ మీది ఊరది. చిన్న బస్సు ఎక్కితే పైకి తీసుకుపోతుంది. నడవగలిగితే బట్రెస్ అనే రాళ్లు పరిచిన పాత దారి ఉంది, మేం దిగేటప్పుడు కూడా దాని జోలికి పోలేదు. నల్లబడ్డ రాతి ఇళ్లు, ఒక్క పెంకుటిల్లు లేదు. నాన్న బస్సు దిగి రెండు నిమిషాలు నడిచాడో లేదో ఆగి పైకి చూపించాడు. మేడ మీద గోడ అంతా కిటికీలే, ఒకదాని పక్కన ఒకటి, ఐదు, ఆరు, ఏడు. మధ్యలో సన్నటి రాతి పలకలు. "మగ్గం ఇల్లు. పోగు కనపడాలిగా." నేను ఫోన్‌లో చదివి చెప్పాల్సింది ఆయనే నాకు చెప్పాడు. ఇక్కడ నేసింది ఉన్ని. కింద లోయలో నీటి చక్రాల మీద, తరవాత ఆవిరి మీద మిల్లులు తిరగడం మొదలయ్యాక పనంతా కిందికి దిగిపోయింది, ఈ ఊరు ఎలా ఉన్నది అలా కొండ మీద మిగిలిపోయింది.

చిన్నప్పటి నుంచి నేను విన్నది ఒకటే కథ, ఈ మాంచెస్టర్ చుట్టుపక్కల లాంకషైర్ మిల్లులు మన మగ్గాల్ని మింగేశాయని. అది నిజమే. కానీ అవి ముందు మింగింది పక్క కొండ మీది ఈ మగ్గాల్ని. 1826 ఏప్రిల్‌లో తూర్పు లాంకషైర్‌లో ఆకలితో ఉన్న నేతగాళ్లు మిల్లుల మీద పడి మూడు నాలుగు రోజుల్లో వెయ్యికి పైగా మర మగ్గాలు పగలగొట్టారు. చాటర్టన్ అనే చోట సైన్యం కాల్పులు జరిపితే మనుషులు చచ్చిపోయారు. మన పాఠాల్లో "ఇంగ్లీషువాళ్లు" అన్న ఒక్క మాటలో ఈ నేతగాళ్లు కూడా కలిసిపోయారు.

చర్చి ఆవరణలో రెండు చర్చిలు ఉన్నాయి. పాతది 1847 గాలివానకి దెబ్బతింటే దాన్ని అలాగే మొండిగోడలతో వదిలేసి పక్కన కొత్తది కట్టుకున్నారు. నేలంతా పడుకోబెట్టిన సమాధి రాళ్లే, వాటి మీదే నడవాలి. అమ్మ నడవనంటే నడవనంది, గేటు దగ్గరే నిలబడింది. లోపల డేవిడ్ హార్ట్లీ అనే ఆయన సమాధి ఉంది. బంగారు నాణేల అంచులు గీకి, ఆ పొడితో దొంగ నాణేలు చేయించిన ముఠాకి నాయకుడు, 1770లో యార్క్‌లో ఉరి తీశారు. ఇప్పుడు జనం ఆయన సమాధి మీద చిల్లర పెట్టి పోతున్నారు! నాన్న కూడా పది పెన్నీలు పెట్టాడు, ఎందుకో మరి.

మర్నాడు సాల్టెయిర్. ఆ పొద్దున మా రైలు రద్దయింది, స్టేషన్‌లో చెప్పే మనిషే లేడు, తరవాతి దాంట్లో నిలబడి వెళ్లాం. ఆలస్యానికి డబ్బు వాపసు ఫారం నింపాను. మీరూ నింపండి, టికెట్ మాత్రం పారేయొద్దు. సాల్టెయిర్ గురించి అందరూ రాస్తారు కాబట్టి కొంచెమే చెబుతాను. టైటస్ సాల్ట్ అనే ఉన్ని వ్యాపారి 1853లో మిల్లు తెరిచి, దాని చుట్టూ పనివాళ్లకి ఇళ్లు, బడి, ఆసుపత్రి, స్నానాల గదులు కట్టించాడు. వీధులకి తన పిల్లల పేర్లు పెట్టాడు. సారా దుకాణం మాత్రం పెట్టనివ్వలేదు. ఇప్పుడక్కడున్న ఒక బార్ పేరు "డోంట్ టెల్ టైటస్", అంటే టైటస్‌కి చెప్పకండి అని. 1986లో మిల్లు మూతపడింది, 2001లో ఊరు యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఊరు చక్కగా ఉంది, వరసలు దిద్దినట్టున్నాయి, కానీ మిల్లు లోపల పుస్తకాలు, బొమ్మలు, కాఫీలు. డేవిడ్ హాక్నీ అనే చిత్రకారుడి బొమ్మలంటే ఇష్టమున్నవాళ్లకి పండగే. నాన్న మాత్రం ఇంత పెద్ద షెడ్డులో ఒక్క మగ్గం లేదేంటని వెతుక్కుంటూ తిరిగాడు. ఒక పూట చాలు.

మగ్గాలు బర్న్లీలో దొరికాయి. హెబ్డెన్ బ్రిడ్జ్ నుంచి నేరుగా రైలు, బర్న్లీ మాంచెస్టర్ రోడ్ స్టేషన్‌లో దిగి, ఊళ్లోంచి హార్ల్ సైక్ వైపు బస్సు. అక్కడ క్వీన్ స్ట్రీట్ మిల్లు, 1894-95లో కట్టింది. 1982 దాకా ఆవిరి ఇంజిన్ మీదే నేసి, తరవాత మ్యూజియం అయింది. 2016లో ఖర్చు భరించలేమని మూసేసి మళ్లీ తెరిచారు. ఏడాది పొడవునా ఉండదు, వారంలో అన్ని రోజులూ ఉండదు, ముందు చూసుకుని వెళ్లాలి. ఇంజిన్ పేరు పీస్, 500 గుర్రాల బలం. మేం వెళ్లిన రోజు అది తిరగలేదు, కొన్ని మగ్గాలు మాత్రం నడిపి చూపించారు.

షెడ్డులోకి అడుగు పెట్టగానే నాన్న ఆగిపోయాడు. రంపపు పళ్లలాంటి పైకప్పు, ఉత్తరం వైపు అద్దాలు, కింద రాతి నేల, కనుచూపు మేర సుమారు 300 మగ్గాలు, ప్రతిదానికీ పై ఇరుసు నుంచి వేలాడే తోలు బెల్టు. నూనె, పాత నూలు కలిసిన వాసన. గైడుగా ఉన్న పెద్దావిడ నాలుగు మగ్గాలు నడిపించింది. నాలుగంటే నాలుగే, నా చెవులు దిమ్మెక్కాయి. ఒకప్పుడు ఇక్కడ వెయ్యి దాకా ఉండేవట. ఆ మోతలో మాట వినపడదు కాబట్టి నేతగత్తెలు పెదాలు పెద్దగా కదిపి మాట్లాడుకునేవాళ్లు, దానికి మీమా అని పేరు. ఆవిడ చేసి చూపించింది. నాన్నకి ఇంగ్లీషు రాదు. అయినా ఆవిడ పెదాలతో, చేతులతో "ఎన్ని ఏళ్లు నేశారు?" అన్నది ఆయనకి అర్థమైంది, ఐదు వేళ్లు, తరవాత సున్నా చూపించాడు.

తరవాత ఆవిడ ఒక నాడె తీసి, కండెకి చుట్టిన పోగుని నాడె కంతలోంచి నోటితో ఎలా పీల్చి లాగేవాళ్లో చెప్పింది. నాడెను ముద్దుపెట్టుకోవడం అనేవాళ్లట. పళ్లు పుచ్చిపోయేవి, ఒకరి రోగం ఒకరికి అంటుకునేది, 1952లో గానీ దాన్ని నిషేధించలేదు. నాన్న నాడె అడిగి తీసుకున్నాడు. మన నాడె కంటే రెండింతలు బరువు, రెండు కొసలకీ ఇనుప ములుకులు. బొటనవేలితో కంత తడిమి చూసి నా వైపు తిరిగి, "నేను కూడా నోటితోనే లాగేవాణ్ణి" అన్నాడు. నాకు ఆ సంగతి తెలియదు. ఆ ఇంట్లోనే పెరిగాను నేను.

ఇక్కడే ఇన్ని మిల్లులు ఎందుకు పెట్టారని నాన్న అడిగాడు. గైడు చెప్పింది ఇదీ: పొగమంచు, వాన, గాలిలో తడి, తడి ఉంటే పోగు తెగదు. "అందుకే గుంటలో కూర్చుంటాం మనం," అన్నాడు నాన్న, "నేల చలవ పడుగుకి తగలాలని." గైడుకి అనువదించి చెప్పాను. ఆవిడ తన నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆవిడ చెప్పిన ఇంకో సంగతి నాకు నచ్చింది: ఏడాదికోసారి వేసవిలో ఊళ్లో మిల్లులన్నీ ఒకేసారి మూసేవాళ్లు, ఊరు ఊరంతా రైలెక్కి బ్లాక్‌పూల్ సముద్రానికి పోయేది. పొగ గొట్టాలు ఆగిన ఆ వారమే పిల్లలకి చుట్టూ కొండలు కనిపించేవి.

రైల్లో అమ్మకి మాధవాయిపాలెం సంగతి చెప్పాను, ఆవిడ పుట్టిల్లు నరసాపురం కదా. ఆ పక్కనున్న మాధవాయిపాలెంలో ఈస్టిండియా కంపెనీకి బట్టల గిడ్డంగి ఉండేది. అక్కడి సన్నటి నూలు బట్టకి ఇంగ్లీషులో మడపోలం అని ఊరి పేరే వచ్చింది. తరవాత లాంకషైర్ మిల్లులు అదే పేరుతో బట్ట నేసి ఓడలకెక్కించాయి. "మన పేరు పెట్టి మనకే అమ్మారా," అంది అమ్మ.

చివరి రోజు డార్వెన్. స్టేషన్ దిగితే ఇండియా మిల్లు గొట్టం కనిపిస్తుంది, 303 అడుగులు, ఇటలీ గంట గోపురంలా నగిషీ చేసిన ఇటుక, 1867 నాటిది. పొగ గొట్టానికి ఇంత సోకు ఎందుకో! 1931 సెప్టెంబరులో గాంధీ వచ్చింది ఈ ఊరి శివార్లలోని స్ప్రింగ్ వేల్‌కే. మన విదేశీ బట్టల బహిష్కారంతో ఇక్కడ మిల్లులు మూతపడి జనం పనుల్లేక ఉన్నారు, వాళ్ల మధ్యకే వచ్చాడు. గ్రీన్‌ఫీల్డ్ మిల్లు ఆడవాళ్లు ఆయన చుట్టూ చేరి కేకలేస్తూ నవ్వుతున్న ఫొటో మీరూ చూసే ఉంటారు. డార్వెన్‌లో ఇంతకు మించి చూడ్డానికేం లేదు, బస వద్దు, రెండు గంటలు చాలు. టీ బాగుంది, చవక కూడా.

ఇంటికొచ్చాక నాన్న సంచిలోంచి బర్న్లీలో కొన్న తువ్వాలు తీశాడు. అంచు దగ్గర ఒక పోగు లాగి, వేళ్ల మధ్య నలిపి, దీపం కింద పెట్టి చూశాడు.

"ఇరవయ్యో నంబరు నూలు," అన్నాడు. "పేక పలుచనే. అంచు మాత్రం బిగువుగా కొట్టారు."