‘తక్కువ వాడిన ట్రాప్ గన్’ పేరుతో నగరంలో అమ్మకానికి ఉన్న పన్నెండు బోర్ తుపాకీ విషయంలో జాగ్రత్త

క్లే టార్గెట్ షూటింగ్ కోసం సొంత తుపాకీ కొనుక్కోవాలని చూస్తున్నవారు, ముఖ్యంగా హైదరాబాదులో సెకండ్ హ్యాండ్ ఓవర్ అండర్ (ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాలున్న తుపాకీ) కోసం వెతుకుతున్నవారు, బయానా ఇచ్చే ముందు ఇది పూర్తిగా చదవాలని కోరుతున్నాను. నిరుడు ఆగస్టులో నగరంలోని ఒక ఆయుధ విక్రేత దగ్గర ఇటలీలో తయారైన పన్నెండు బోర్ తుపాకీని నేను నాలుగు లక్షల అరవై వేల రూపాయలకు కొన్నాను. “అసలైన ట్రాప్ గన్ సార్, ఐదు వందల తూటాలు కూడా పేలలేదు” అని చెప్పి అమ్మారు. ట్రాప్ అంటే కందకంలో నుంచి ఎగిరి దూరమైపోయే బిళ్లను కాల్చే ఆట. అది ట్రాప్ గన్ కాదు, తక్కువ వాడినదీ కాదు. విక్రేత పేరు రాయడం లేదు గాని, ఆ తుపాకీ మళ్లీ అమ్మకానికి వచ్చింది కనుక దాని ఆనవాళ్లు చివర ఇస్తున్నాను.

ఈ ఆటలో కాల్చే బిళ్లను ‘క్లే పిజన్’, అంటే మట్టి పావురం అని కూడా అంటారు. పావురాల షూటింగ్ అనగానే మక్కా మసీదు ముందు గింజలు తినే పావురాలు గుర్తుకు వచ్చి నొచ్చుకునేవారు ఉంటారు కనుక ఒక మాట చెప్పాలి. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో నిజమైన పావురాలను కాల్చారన్నది నిజమే. నేను చెబుతున్న పావురం మాత్రం 110 మిల్లీమీటర్ల వెడల్పు, 105 గ్రాముల బరువు ఉండే పెళుసైన బిళ్ల. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న రేంజిలో నేను రెండేళ్లుగా ఆ బిళ్లలనే కాలుస్తున్నాను, అదీ అరువు తెచ్చుకున్న తుపాకులతో. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ట్రాప్ జట్టు స్వర్ణంతో పాటు వ్యక్తిగత కాంస్యం కూడా గెలిచిన కైనాన్ చెనాయ్ మన నగరం వారే. ఆ తరువాత రేంజిలో కొత్త ముఖాలు కనిపించడం మొదలైంది. కొత్తవారు పెరిగిన చోట పాత తుపాకులకు కొత్త పాలిష్ పడుతుంది.

ఈ కొనుగోలులో పొరపాటు పడితే పోయేది డబ్బు ఒక్కటే కాదు. 2019లో ఆయుధాల చట్టానికి జరిగిన సవరణ తరువాత మామూలు లైసెన్సుదారు రెండు తుపాకులకు మించి ఉంచుకోకూడదు. పోటీల్లో పేరు తెచ్చుకున్న షూటర్లకు ఉండే మినహాయింపులు నాలాంటివారికి వర్తించవు. నా లైసెన్సులో మా తాతగారి నుంచి వచ్చిన డబుల్ బ్యారెల్ ఇదివరకే ఉంది, కాబట్టి మిగిలింది ఒక్క ఖాళీ. అందులో పనికిరాని తుపాకీ చేరితే దాన్ని వదిలించుకునేవరకు మరొకటి కొనడం కుదరదు. వదిలించుకోవాలంటే ఎవరికి అమ్ముతున్నామో లిఖితపూర్వకంగా అధికారులకు తెలిపి కనీసం 45 రోజులు ఆగాలి, తీసుకునే వ్యక్తికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి, అందులో ఖాళీ ఉండాలి. సెల్‌ఫోను బాగోలేదని మర్నాడు తిరిగి ఇచ్చినట్లు తుపాకీని తిరిగి ఇవ్వలేము.

నాకు ఓవర్ అండర్ ఎందుకు కావలసి వచ్చిందో కూడా చెబుతాను, ఎందుకంటే రకం ఎంచుకోవడంలోనే చాలామంది మొదటి తప్పు చేస్తున్నారు. తాతగారిది పక్కపక్క గొట్టాల ఇంగ్లీషు తుపాకీ. జాగీర్దారీ రోజుల నుంచి ఇలాంటి ఇంగ్లీషు, బెల్జియం తుపాకులు ఈ నగరంలో చాలా ఇళ్లలో ఉన్నాయి, చూడముచ్చటగానే ఉంటాయి. కాని వాటిలో చాలావాటి ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు దొరికే తూటాలు ఎక్కువగా 70 మిల్లీమీటర్లవి. ఆ కొలత పేలి విచ్చుకున్న తరువాతి తూటా పొడవు, పేలని తూటా మూతి ముడుచుకుని పొట్టిగా ఉంటుంది కాబట్టి పాత ఛాంబర్‌లో కూడా సులువుగా దూరిపోతుంది. దూరింది కదా అని కాల్చితే మూతి విచ్చుకునే చోటు చాలక లోపలి ఒత్తిడి పెరుగుతుంది. గొట్టాల అడుగున ఉన్న ప్రూఫ్ ముద్రలు (గొట్టాలను ఎంత ఒత్తిడికి పరీక్షించారో తెలిపే గుర్తులు) చదవకుండా తాతల తుపాకీని రేంజికి తీసుకురావద్దు. డమాస్కస్ గొట్టాలైతే, అంటే ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికించిన పాత రకానివైతే, గోడకే వదిలేయండి.

పంప్ యాక్షన్ తుపాకీ చవక, మొండిగా పనిచేస్తుంది. కాని ట్రాప్‌లో బిళ్లకు రెండు తూటాలు కాల్చవచ్చు. పదిహేను మీటర్ల ముందున్న కందకంలో నుంచి ఎగిరిన బిళ్ల దూరమైపోతూ ఉండగా ముందరి పిడిని పూర్తిగా వెనక్కి లాగి మళ్లీ ముందుకు తోసేటప్పటికి చూపు చెదురుతుంది. తొందరలో పిడి సగం దాకే లాగితే రెండో తూటా ఎక్కనే ఎక్కదు. ఇంటి కాపలాకని అమ్మే పొట్టి గొట్టం పంపులు ఈ ఆటకు అసలే పనికిరావు. సెమీ ఆటోమేటిక్ తుపాకులు మన నిబంధనల ప్రకారం నిషిద్ధ తరగతిలోకి వస్తాయి కనుక మామూలు లైసెన్సు మీద వాటి మాటే లేదు. మిగిలింది ఓవర్ అండర్. ఒకే చూపు గీత, రెండు గొట్టాలకు రెండు చోక్‌లు (తూటాలోని చిన్న గుళ్లు ఎక్కువగా చెదరకుండా మూతి దగ్గర గొట్టాన్ని ఇరుకు చేసే ఏర్పాటు), తెరిచి ఉంచితే తుపాకీ ఖాళీగా ఉందని పక్కవారికి పది అడుగుల నుంచి కనిపించే భద్రత దీనికి ఉన్నాయి.

అయితే ఓవర్ అండర్లన్నీ ట్రాప్ గన్లు కావు. నేను మోసపోయింది ఇక్కడే. ట్రాప్ కోసం చేసిన తుపాకీకి సాధారణంగా 30 లేదా 32 అంగుళాల గొట్టాలు ఉంటాయి, బరువు మూడున్నర కిలోలు దాటుతుంది, పైకి లేచే బిళ్ల కోసం చెంప ఆనే కర్ర ఎత్తుగా ఉండి గుళ్ల గుంపు గురి కంటే కాస్త పైకి వెళ్తుంది. నాకు అంటగట్టినది 28 అంగుళాల గొట్టాలతో, మూడు కిలోల పైచిలుకు బరువుతో, తక్కువ ఎత్తు కర్రతో ఉన్న ఫీల్డ్ గన్. అంటే పొలం గట్ల మీద రోజంతా భుజాన వేసుకుని తిరగడానికి చేసినది. ఒక పూటలో నూరు తూటాలు కాల్చితే దాని తన్ను భుజానికి తెలుస్తుంది. అంగడిలో ఒక ఖాళీ గోడ వైపు దాన్ని ఎత్తి చూసి “బాగా అమరింది” అనుకున్నాను. తేలికగా ఉండటాన్ని అమరడంగా పొరబడ్డాను.

రేంజిలో మొదటి రౌండులోనే లోపం బయటపడింది. ఇరవై అయిదు బిళ్లలకు తొమ్మిదిసార్లు రెండో గొట్టం పేలలేదు. ఈ తుపాకీ సింగిల్ ట్రిగ్గర్ మొదటి తూటా తన్నుతో రెండో గొట్టానికి మారే రకం, తన్ను చాలకపోతే మారదు. విక్రేతకు ఫోను చేస్తే “బరువు తూటాలు వాడండి సార్, ఇరవై నాలుగు గ్రాములవి దీనికి సరిపోవు” అన్నారు. ట్రాప్ పోటీల్లో తూటాలోని గుళ్ల బరువు 24.5 గ్రాములు మించకూడదు. ట్రాప్ తూటాతో పనిచేయని ట్రాప్ గన్ అన్నమాట.

రెండో వారంలో పై గొట్టం తూటాలు మొరాయించడం మొదలుపెట్టాయి. తూటా అడుగున నిప్పు పుట్టించే క్యాప్ మీద సుత్తి పడిన గుంట లోతు లేకుండా, ఒక పక్కకు జరిగి ఉండేది. ఇలా జరిగినప్పుడు వెంటనే తుపాకీ తెరవకూడదు, మూతిని లక్ష్యం వైపే ఉంచి కనీసం ముప్పై సెకన్లు ఆగాలి, తూటా ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. మూడో వారంలో ఒక్క నొక్కుకు రెండు గొట్టాలూ ఒకేసారి పేలాయి. చెంప ఎముక మీద వారం రోజులు కమిలిన మచ్చ ఉంది. రేంజి అధికారి అక్కడికక్కడే తుపాకీ పక్కన పెట్టించారు, అది న్యాయం కూడాను.

తరువాత దాన్ని పాతబస్తీలో ఒక పెద్ద మిస్త్రీకి చూపించాను. ఆయన ముందుగా చేసిన పని గొట్టాల కింది ఫోరెండ్ కర్రను ఊడదీయడం. మిగతా తుపాకీని మూసి, కర్ర భాగం పట్టుకుని మెల్లగా ఊపితే కీలు దగ్గర టకటక వినిపించింది. ఫోరెండ్ ఉన్నంతసేపు దాని స్ప్రింగు ఆ వదులును దాచిపెడుతుంది. కీలు మీది గ్రీజును గుడ్డతో తుడిచిన తరువాత, అంగడిలో అంత గట్టిగా తెరుచుకున్న తుపాకీ బీరువా తలుపులా జారిపోయింది. “సాబ్, ముసలాయనకు పెళ్లికొడుకు వేషం వేసి పంపారు” అన్నారు ఆయన. తుపాకీని తెరిచే పై మీట, తుపాకీ మూసినప్పుడు మధ్య గీతకు కుడివైపు ఆగితే ఇంకా అరుగుదల తక్కువని, నా తుపాకీ మీట ఎడమవైపుకు దాటిపోయిందని కూడా చూపించారు. మీట ఎక్కడ ఆగుతుందో చూడటానికి పనిముట్లు ఏవీ అక్కరలేదు, రెండు కళ్లు చాలు. ఆ రెండు కళ్లనీ నేను చెక్కడపు పని మీద పెట్టాను.

లోపల ట్రిగ్గర్ తేలికగా కదలడానికి ఎవరో సియర్ (ట్రిగ్గర్ నొక్కేవరకు సుత్తిని పట్టి ఉంచే కొక్కెం) అంచును ఆకురాయితో గీకారు. రెండు గొట్టాలు కలిసి పేలడానికి అదే కారణమని మిస్త్రీ తేల్చారు. ఫైరింగ్ పిన్ మొన అరిగి ఉంది. కింది గొట్టం ఛాంబర్‌లో తుప్పు తిన్న గుంటలు ఉన్నాయి, కాల్చిన తూటా ఖాళీ అక్కడే పట్టుకుని, దాన్ని బయటికి నెట్టే ఎజెక్టర్ జారిపోయేది. ఆ గుంటలు ఎలా వచ్చాయో నేను రుజువు చేయలేను గాని, ఎన్నికల నియమావళి అమల్లో ఉన్నప్పుడు తుపాకులు అప్పగించాల్సి రావడం మన దగ్గర మామూలే. 2023 నవంబరులో శాసనసభకు, 2024 మేలో లోక్‌సభకు పోలింగ్ జరిగింది. నూనె రాయకుండా గుడ్డ సంచిలో అప్పగించిన తుపాకీ నెలల తరబడి ఎలా ఉంటుందో ఊహించవచ్చు. అందుకే సెకండ్ హ్యాండ్ తుపాకీ చూసేటప్పుడు అది ఎక్కడెక్కడ, ఎంత కాలం డిపాజిట్‌లో ఉందో అడిగి తెలుసుకోవాలి.

గొట్టం మీద ‘ఫుల్’ చోక్ అని ముద్ర ఉంది. నలభై గజాల దూరంలో కాగితం కట్టి కాల్చి, ముప్పై అంగుళాల వలయంలో పడిన గుళ్లను పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ లెక్కించాను. ఫుల్ చోక్ అయితే సుమారు డెబ్బై శాతం గుళ్లు అందులో పడాలి. అయిదు కాగితాల్లో ఒక్కటి కూడా యాభై శాతం దాటలేదు. మిస్త్రీ కొలిచి చూస్తే మూతిని లోపలి నుంచి తొలిచి వెడల్పు చేసినట్లు తేలింది. ముద్ర మాత్రం పాతదే మిగిలింది. గొట్టం లోపల కొలవడానికి బోర్ గేజ్ ఉన్న మనిషిని వెంట తీసుకుని వెళ్లండి, ముద్రను నమ్మి వెళ్లకండి. ఇటలీ తుపాకుల మీద చిన్న చదరపు గడిలో తయారీ సంవత్సరానికి సంకేతంగా అక్షరాలు ఉంటాయి. విక్రేత చెప్పిన సంవత్సరానికి, ఆ గడి చెప్పిన సంవత్సరానికి మధ్య పందొమ్మిదేళ్ల తేడా ఉంది. కొన్న తరువాత గాని నేను ఆ గడి వెతకలేదు.

ఇన్నీ రాసుకుని అంగడికి వెళ్తే, “సెకండ్ హ్యాండ్ సరుక్కి గ్యారంటీ ఉండదు, రసీదులో చూసి తీసుకున్నానని మీరే సంతకం పెట్టారు” అన్నారు. సంతకం నాదే. నోటి మాటగా చెప్పిన ‘ఐదు వందల తూటాలు’ రసీదులో ఎక్కడా లేదు. నాలుగు నెలల తరువాత లక్షా డెబ్బై వేలు తగ్గించుకుని తిరిగి తీసుకోవడానికి ఒప్పుకున్నారు. నేను అధికారులకు తెలియజేసి, 45 రోజులు గడిచాక అప్పగించి, లైసెన్సులో నుంచి తీయించుకున్నాను. కొనేవారు ‘ట్రాప్ గన్’ అన్న మాటను, తయారీ సంవత్సరాన్ని, మరమ్మతుల వివరాలను రసీదులోనే రాయించుకోండి. ఇరవై నాలుగు గ్రాముల తూటాలతో రెండు గొట్టాలు కలిపి కనీసం యాభై తూటాలు రేంజిలో అమ్మకందారు సమక్షంలో కాల్చి చూసిన తరువాతే మిగతా సొమ్ము ఇస్తానని చెప్పండి. అందుకు ఒప్పుకోని చోట నుంచి లేచి రావడమే మేలు.

గత వారం మా రేంజికి వచ్చే ఒక కుర్రవాడు ఫోనులో ఒక బొమ్మ చూపించి, “అన్నా, ఈ ట్రాప్ గన్ ఐదు లక్షలకు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?” అని అడిగాడు. నా తుపాకీయే. ఆనవాళ్లు ఇవి: 28 అంగుళాల గొట్టాలు, పక్క పలకల మీద ఎగిరే బాతుల చెక్కడం, కర్ర కుడివైపు మడమ దగ్గర పూడ్చి పాలిష్ చేసిన అర అంగుళం పగులు, పై మీట మధ్య గీతకు ఎడమవైపు, కింది గొట్టం మీద ‘ఫుల్’ ముద్ర. చూపిస్తే మొదట ఫోరెండ్ ఊడదీయమని అడగండి. ఆ కుర్రవాడు నిన్న వెళ్లి అదే అడిగాడట. అది ఊడదీయడం కుదరదని చెప్పి తుపాకీని బీరువాలో పెట్టేశారట.