ఇంటి పన్ను: ఫోనా, సచివాలయమా?

కడపలో ఇంటి పన్ను కట్టాలంటే రెండు దారులు: ఫోన్‌లో పురపాలక శాఖ సైట్, లేదా వార్డు సచివాలయం. ఎక్కడైనా అసెస్‌మెంట్ నంబర్ (పన్ను లెక్కలో మన ఇంటికిచ్చిన నంబర్) కొడితే బాకీ కనిపిస్తుంది.

డబ్బు కట్టడమే పనైతే ఫోనే మేలు. ఏప్రిల్ 30లోపు ఏడాది పన్నంతా కడితే 5 శాతం తగ్గింపు. దానికోసం ఆఖరి రోజున క్యూలో నిలబడటం (ఆ ఎండలో!) నా వల్ల కాదు. రాత్రి మంచం మీద కూర్చునే కట్టేస్తా.

పేరులో తప్పుంటే మాత్రం కథ వేరు. పాత రిజిస్టర్‌లో మా నాయన పేరు నీలం సిరాతో సరిగ్గానే ఉండేది. కంప్యూటర్‌కెక్కేసరికి ఒక అక్షరం ఎగిరిపోయింది. దానికి ఫోన్ ఏం చేస్తుంది? దస్తావేజు జిరాక్స్, ఆధార్ పట్టుకుని సచివాలయానికి తిరిగితే, మూడోసారికి పని కదిలింది.